అరుగు మీద నుంచి

ఈ సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నా బ్యాగులో ఒక కాగితం ఉంది. ఆఫీసులో పదకొండు మంది మీద నన్ను లీడ్‌గా వేసి మూడు రోజుల శిక్షణకి పంపారు. మొదటి రోజే ఇచ్చిన కాగితం అది. మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమ పక్క ‘నా బలాలు’, కుడి పక్క ‘నా లోపాలు’. ఎడమ పక్క పది నిమిషాల్లో నిండింది. కుడి పక్కకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపటికో ‘పని ఎక్కువగా నెత్తినేసుకుంటాను’ అని రాశాను. అది లోపం కాదనీ, లోపం వేషం కట్టిన గొప్ప అనీ రాస్తున్నప్పుడే నాకు తెలుసు. అది కొట్టేసి ఇంకోటి రాద్దామంటే ఏమీ తోచలేదు.

మాది పెదనందిపాడు పక్క పల్లె. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. అత్తయ్య నాన్నకి సొంత చెల్లెలు, అదే ఊళ్ళో నాలుగిళ్ళ అవతల ఉంటుంది. పదో తరగతితో చదువాపేసినా, డ్వాక్రా రోజుల్లో సంఘం పెట్టి, పద్నాలుగేళ్ళు దానికి లీడరుగా చేసి, కొన్నాళ్ళు గ్రామ సంఘం అధ్యక్షురాలిగా కూడా పనిచేసింది. కనుమ నాటి మధ్యాహ్నం వసారాలో గోనెపట్టా పరుచుకుని ఇద్దరూ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తుంటే, ఆ కాగితం తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. అంతే, పొద్దుగూకేదాకా మిరపకాయల మీద ఎవరికీ ధ్యాస లేదు. వాళ్ళన్న మాటలు ఆ రాత్రే రాసిపెట్టుకున్నాను.

నాన్న: ఇది నింపడం కష్టమేనమ్మా. కష్టమైనా నింపాలి. పదిమందిని నడిపే మనిషి ముందు తన్ను తాను చూసుకోవాలి. రాత్రి పడుకోబోయే ముందు, ఇవాళ ఎవరి మీద కసిరాను, అది వాడి తప్పుకా, నా చిరాకుకా అని ఒక్కసారి అడుక్కో. లోపలికి చూసుకోవడం రానివాడి చేతికి నలుగురు మనుషుల్ని అప్పగించకూడదు.

అత్తయ్య: లోపలికి చూస్తే ఏం కనపడుద్ది అన్నయ్యా?

నాన్న: నిజం కనపడుద్ది.

అత్తయ్య: నాకెప్పుడూ నా మంచితనమే కనపడింది. నేను తిరిగిన బ్యాంకులు, నేను ఎండలో నిలబడ్డ లైన్లు, నా పిల్లలకి వండకుండా వెళ్ళిన మీటింగులు. ఎవరి లోపల వాళ్ళకి అంతా న్యాయంగానే ఉంటది. ఈ పిల్ల కుడి పక్కన అబద్ధం రాసిందనుకుంటున్నావా? కాదు. దానికి కనపళ్ళా.

నాన్న: అందుకే అలవాటు కావాలంటున్నా. ఒక్కరోజులో రాదది. గాంధీగారికి మాత్రం పుట్టుకతో వచ్చిందా? 1919 ఏప్రిల్లో రౌలట్ చట్టం మీద సత్యాగ్రహం పెట్టాడు. అహ్మదాబాదులో, వీరంగాంలో జనం కట్టు తప్పి తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. వెంటనే మూడు రోజులు ఉపవాసం చేశాడు. ఆ నెల్లోనే ఉద్యమం ఆపాడు. నడియాదులో సభలో నిలబడి, చట్టాన్ని ఇష్టపడి పాటించడం ఇంకా అలవాటు కాని జనాన్ని చట్టం ధిక్కరించమని పిలవడం హిమాలయమంత పొరపాటు, అది నాదే అన్నాడు. తప్పు జనానిది అనొచ్చు, పోలీసులది అనొచ్చు. నాది అన్నాడు. అంత మాట అనగల నాయకుణ్ణి ఇంకొకణ్ణి చూపించు.

అత్తయ్య: మూడేళ్ళకి మళ్ళీ అదే జరిగింది గదా.

నాన్న: చౌరీచౌరా అంటావు.

అత్తయ్య: చౌరీచౌరా అంటాను, దాంతోపాటు మన తాత ఎడ్లు కూడా అంటాను. ఈ ఊళ్ళో కూర్చుని గాంధీగారి ఉపవాసం గురించి చెప్పేటప్పుడు ఆ ఎడ్ల గురించి కూడా చెప్పాలి నువ్వు.

ఆ ఎడ్ల సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. 1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టేది లేదన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి ముందుండి నడిపాడు. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు. సర్కారు పటాలాల్ని దించి గొడ్డూగోదా, సామానూ జప్తు చేస్తే, వేలంపాటలో పాడే మనిషి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఒక్క రాయి పడకుండా, ఒక్క దెబ్బ తగలకుండా జరిగిన పని అది. మా ముత్తాత ఎడ్ల జత అప్పుడే పోయిందంటారు. ఫిబ్రవరి 4న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో చౌరీచౌరా అనే చోట ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే, జనం తిరగబడి ఠాణాకి నిప్పు పెట్టారు. 22 మంది పోలీసులు చనిపోయారు. వారం తిరిగేసరికి గాంధీ బార్డోలీలో దేశమంతటా శాసనోల్లంఘన ఆపించి, అయిదు రోజులు ఉపవాసం ఉన్నాడు. ఆ నెల్లోనే ఇక్కడా అంతా ఆగిపోయింది. ముత్తాత అప్పు తెచ్చి శిస్తు కట్టాడు. ఎడ్లు మాత్రం తిరిగి రాలేదు.

అత్తయ్య: ఎక్కడో గోరఖ్‌పూర్ దగ్గర ఠాణా తగలబడితే ఇక్కడ మన తాత ఏం తప్పు చేశాడు? చెప్పినట్టే చేశాడు గదా. చెయ్యెత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు. నాయకుడి అంతరాత్మకి నొప్పెట్టింది, ఖర్చు ఈ ఫిర్కా మీద పడింది. తన మనసు శుభ్రం చేసుకునే పనికి నాయకుడు పక్కవాడి ఎడ్లు వాడుకోవచ్చా?

నాన్న: చరిత్ర సగమే చెప్తున్నావు చెల్లాయ్. గుంటూరు జిల్లా పన్ను నిరాకరణకి ఆయన మొదట్నుంచీ మనసారా ఒప్పుకోలేదు. 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెస్ పెట్టిన షరతులు ఉన్నాయి. అహింస, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం పోవడం, ఖద్దరు. అవి నెరవేరాయని నమ్మకముంటేనే దిగండని కొండా వెంకటప్పయ్యగారికి రాశాడు. దిగింది మనవాళ్ళు. తప్పని నేననటం లేదు, ఆ ఉత్సాహం నాకూ గర్వమే. కాకపోతే ఆయన ఉన్నపళంగా మనల్ని గోతిలోకి తోశాడనడం న్యాయం కాదు.

అత్తయ్య: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. ఇంకోటి చెప్పు. చౌరీచౌరా వాళ్ళకేమైంది?

నాన్న కాసేపు మాట్లాడలేదు. చేతిలో మిరపకాయ తొడిమ తుంచి పక్కన పెట్టాడు.

నాన్న: సెషన్స్ కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. అలహాబాదు హైకోర్టు 19 మందికి ఖాయం చేసింది. 1923లో ఉరితీశారు.

అత్తయ్య: ఆయనకి అయిదు రోజులు పస్తు, వాళ్ళకి ఉరి.

నాన్న: ఆయన పస్తుతో చేతులు దులుపుకోలేదు. మార్చి 10న అరెస్టు చేశారు. 18న అహ్మదాబాదులో విచారణ. కోర్టులో చౌరీచౌరా బాధ్యత కూడా నాదేనన్నాడు, ఎంత పెద్ద శిక్ష ఉంటే అంత వెయ్యమని అడిగాడు. ఆరేళ్ళు వేశారు. అంతకంటే ఏ నాయకుడు ఏం చేస్తాడు?

అత్తయ్య: నేను ఆయన మంచివాడు కాదనట్లా అన్నయ్యా. అంత మంచివాడికి కూడా లోపలి గొంతు ఒక్కటే చాల్లేదంటున్నా. చౌరీచౌరా సంగతి ఆయనకి ధ్యానంలో తెలిసిందా? బయట్నుంచి వార్త వస్తే తెలిసింది. మరి పెదనందిపాడులో ఒక్క రాయి కూడా పళ్ళేదన్న వార్త అంత గట్టిగా ఎందుకు వినపళ్ళేదు? ఆ మాట ఆయన చెవిన వేసేవాళ్ళు దగ్గర లేరు.

నాన్న: చెప్పేవాళ్ళు లేకపోవడమేంటి? జైల్లోంచి మోతీలాల్ నెహ్రూ, లజపతిరాయ్ కోపంతో ఉత్తరాలు రాశారు, ఎవరో ఎక్కడో చేసిన పనికి దేశమంతా శిక్ష అనుభవించాలా అని. ఆయన చదివాడు. చదివి కూడా తన నిర్ణయం మీదే ఉన్నాడు. అదీ ధైర్యమే.

అత్తయ్య: అదిగో, అసలు సంగతి నువ్వే చెప్పావు. ఆయన ఎంత పెద్దవాడైనా ఆయన మీద కోప్పడి ఉత్తరం రాయగలిగిన మనుషులున్నారు. ఆ ఉత్తరం రాసినందుకు ఎవరికీ ఏమీ కాలా. నాయకుడు తన్ను తాను ఎంత తెలుసుకున్నాడో చూడాలంటే నేను ఆయన డైరీ అడగను. ఆయనకి కోపంగా ఉత్తరం రాసినవాళ్ళు ఎంతమంది, రాసినాక వాళ్ళెట్లా ఉన్నారు, అది అడుగుతా. మన తాత మటుకు ఉత్తరం రాసి ఉండడు. రాయడం రాదు, రాయొచ్చన్న ఆలోచనా రాదు.

ఇక్కడ నేను కల్పించుకున్నాను. మా శిక్షణలో కూడా ఇలాంటిదే ఒకటి చేయించారు. కింద పనిచేసేవాళ్ళు పేర్లు రాయకుండా నా గురించి నాలుగు ముక్కలు రాసివ్వాలి. పదకొండు మందీ ‘బాగా సహకరిస్తారు’ అనే అర్థం వచ్చేటట్టు రాశారు. నేను సంతోషపడ్డాను. అత్తయ్య నా ముఖంలోకి చూసి, పదకొండు మందీ ఒకే మాట రాశారంటే భయపడాల్సిందే గదే అంది. నాకు పొట్టలో ఏదో కదిలినట్టయింది.

నాన్న: పేరు లేకుండా రాసేదాంట్లో నిజం ఉండదు. నిజం చెప్పేవాడు ముఖం మీద చెప్తాడు.

అత్తయ్య: ముఖం మీద చెప్పడానికి ఆ ముఖం ఎట్లా ఉందో చూసుకోవద్దా? నా సంగతి చెప్తా వినండి.

ఈ కథ నేనూ అంతకు ముందు వినలేదు. నాన్న కూడా విన్నట్టు లేదు.

అత్తయ్య: మా సంఘంలో పన్నెండు మందిమి. పంచసూత్రాలన్నీ వరస తప్పకుండా పాటించేవాళ్ళం. వారం వారం మీటింగు, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. బ్యాంకు లోను కిస్తీ ఒక్క నెల కూడా తప్పలా. పావలా వడ్డీ రోజులవి. కిస్తీ తప్పకుండా కట్టిన సంఘానికి మూడు శాతం పైబడ్డ వడ్డీ ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. ఒక్కళ్ళు తప్పితే పన్నెండు మందికీ పోద్ది. కాబట్టి నేను గట్టిగా ఉండేదాన్ని. మండల సమాఖ్యలో మా సంఘాన్ని చూపించి నేర్చుకోండనేవాళ్ళు. మీటింగు మా వాకిట్లోనే. గుండ్రంగా కూర్చోవాలని సంఘాల్ని చూసుకునే సీసీ చెప్పింది. కూర్చునేవాళ్ళు. నేను మటుకు అరుగు మీద కూర్చునేదాన్ని. మోకాళ్ళ నొప్పులు, పుస్తకాలు పెట్టుకోవడానికి వీలు అనేదాన్ని. వాళ్ళు కింద చాప మీద. ఎవరికన్నా ఇబ్బంది ఉంటే చెప్పండమ్మా అని ప్రతి వారం అడిగేదాన్ని. ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఎంత బాగా నడుపుతున్నానా అనుకునేదాన్ని.

నాన్న: బాగానే నడిపావు.

అత్తయ్య: 2010లో మైక్రోఫైనాన్స్ గొడవలు బయటపడ్డాయి. అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చింది. ఎవరెవరికి ఎంతెంత బాకీలున్నాయో రాసుకు రమ్మంటే ఇల్లిల్లూ తిరిగాను. మా సంఘంలోనే ఒకమ్మాయి, నాకు ఎదురుగా కూర్చునే పిల్ల, మూడు కంపెనీల దగ్గర తీసుకుంది. వారం వారం వాళ్ళ మనిషి వచ్చి గుమ్మం ముందు కూర్చుని వసూలు చేస్తున్నాడు. ఎందుకమ్మా అంత తీసుకున్నావంటే, తలొంచుకుని, మన కిస్తీ కట్టడానికక్కా అంది. మొగుడు మంచాన పడి ఏడాదిన్నర. మన దగ్గర తక్కువ వడ్డీ అప్పు కట్టడానికి, బయట ఎక్కువ వడ్డీ అప్పు తెచ్చింది. నాకు చెప్పొచ్చు గదే అన్నా. నువ్వు అరుస్తావని కాదక్కా, అరిచేదానివి కూడా కాదు, నీ ముఖం మాడిపోద్ది, అది చూడలేక, అంది.

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. మిరపకాయల ఘాటుకి కళ్ళు తుడుచుకోవడానికి లేదు కాబట్టి చీర భుజంతో ముఖం ఒత్తుకుంది.

అత్తయ్య: అరిచేదాన్నైతే నాకే తెలిసేదన్నయ్యా. నా ముఖం నాకెట్లా కనపడుద్ది? నూటికి నూరు శాతం రికవరీ అని నేను మండలంలో దండ వేయించుకున్నా. ఆ నూరులో ఆ పిల్ల ఇల్లు ఉంది. అప్పుడు లోపలికి చూసుకోలేదంటావా? రోజూ చూసుకున్నా. దేవుడి ముందు కూర్చుని, స్వామీ ఎవరికీ అన్యాయం చేయలేదు అని చెప్పుకునేదాన్ని. అది అబద్ధం కాదు. నాకు తెలిసినంత మేర నిజమే. అందుకే నువ్వు లోపలికి చూడమంటే నాకు భయం. లోపల ఉండేది మనమే గదా, మనకి వ్యతిరేకంగా ఏం చెప్తాం?

నాన్న: ఒక్కటడుగుతాను, కోప్పడకు. ఆ అమ్మాయి ఆ ఏడాదిన్నరా ఎట్లా వచ్చేది మీటింగుకి?

అత్తయ్య: ఎట్లా ఏముంది, అందరిలాగే.

నాన్న: బాగా గుర్తు తెచ్చుకో. ఎదురుగా కూర్చునేదన్నావు.

చాలాసేపు వసారాలో గాలి చప్పుడు, గోనె మీద తొడిమలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

అత్తయ్య: మెళ్ళో పుస్తెలతాడు లేదు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వచ్చేది.

నాన్న: నీకు కనపడింది.

అత్తయ్య: కనపడింది. కుదవ పెట్టుకుందేమోలే, పొలం పెట్టుబడికేమోలే అనుకున్నా. అడిగితే ఏం చెప్తదో, చెప్తే ఆ నెల కిస్తీ ఏమవుద్దో అని అడగలా.

నాన్న: నేననేది అదే చెల్లాయ్. ఆ పిల్ల నోటితో చెప్పలేదు, మెడతో చెప్పింది. బయట్నుంచి వార్త వచ్చింది. నీ లోపల దాన్ని రానివ్వని తలుపు ఒకటుంది, ఆ తలుపు పేరు నూటికి నూరు. అది నువ్వు తియ్యాల్సిందే గానీ ఇంకెవరూ తియ్యలేరు. పదిమంది పది ఉత్తరాలు రాసినా, లోపల మనిషి మేలుకుని లేకపోతే అవి చదువుకుని బీరువాలో పెట్టుకుంటాడు. గాంధీగారికి వార్త వచ్చింది, నిజమే. అలాంటి వార్తలు వైస్రాయికీ రోజూ వచ్చేవి. ఉపవాసం ఉన్నది ఒకడే.

అత్తయ్య: తలుపు నాదే. ఒప్పుకుంటా. తియ్యడానికి మటుకు ఆ పిల్ల కావాల్సి వచ్చిందన్నయ్యా. ఏడాదిన్నర ఆలస్యంగా.

ఇద్దరిలో ఎవరు గెలిచారని నన్నడిగితే, ఆ ఒక్క చోట నాన్న మాట నిలిచిందనిపించింది. మొత్తం మీద మటుకు నేను అత్తయ్య వైపే. ఆ పసుపుకొమ్ము అన్నాళ్ళూ అత్తయ్య కళ్ళ ముందే ఉంది. దాన్ని అడగగలిగే చోటుకి అత్తయ్య దిగలేదు. దిగడమన్నది మనసులో జరిగే పని కంటే ముందు ఒంటితో చేసే పని. అరుగు మీద నుంచి చాప మీదకి దిగాలి. ఆ మాట తర్వాత అత్తయ్యే చెప్పింది.

అత్తయ్య: ఆ ఏడాదే లీడరు పని మానుకున్నా. అలిగి కాదు. నన్ను చూసి ముఖాలు సర్దుకునేవాళ్ళు కొత్తవాళ్ళని చూసి సర్దుకోకపోవచ్చని. చీరాల వాళ్ళ కథ నువ్వే గదా చెప్పేవాడివి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిది.

నాన్న: 1921లో. మున్సిపాలిటీ పన్నులు మోయలేక చీరాల, పేరాల జనం ఊరు ఖాళీ చేసి, రామనగరమని పాకలేసుకుని దగ్గర దగ్గర పదకొండు నెలలున్నారు. ఎడింబరో దాకా వెళ్ళి చదువుకొచ్చిన మనిషి, రామదండు కట్టి, పాటలు పాడి, వేలమందిని ఒక్క మాట మీద నిలబెట్టాడు. ఆయన్ని జైల్లో పెట్టారు. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కళ్ళూ ఇళ్ళకి తిరిగొచ్చారు.

అత్తయ్య: అంత గొప్పవాడు గనకే అంత బరువూ ఆయన మీదే ఆగింది. నేను గొప్పదాన్ని కాదు, అయినా మా సంఘం బరువంతా నా మీదే పెట్టుకున్నా. నేను లేకపోతే ఇది ఉండదు అని మురిసిపోయా. నేను దిగాక మొదటి మూడు నెలలు పుస్తకాల్లో లెక్కలు తప్పాయి. నాలుగో నెల నుంచి కుదిరింది. ఇప్పుడు నేను చాప మీద చివర్న కూర్చుంటా. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లే, మెళ్ళో పసుపుకొమ్ము కట్టుకున్న పిల్ల, అక్కా నువ్వు గతవారం ఆలస్యంగా వచ్చావు, జరిమానా కట్టు అంది. కట్టా. ఎంత హాయిగా అనిపించిందో.

నాన్న నవ్వాడు. నవ్వి నా కాగితం చేతిలోకి తీసుకుని కుడి పక్క ఖాళీని చూశాడు. దీనికేం రాయమంటావు మరి, అని అడిగాడు అత్తయ్యని. నన్నడగమాకు, నీ కూతుర్ని అడుగు, ముందు నీ సంగతి చెప్పించుకో, అంది అత్తయ్య.

నాన్న: నా సంగతేముంది. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ప్రతి స్టాఫ్ మీటింగులో చివర్న, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని అడగందే లేచినవాణ్ణి కాదు. దీనికి తెలుసు గదా, ఆ స్కూల్లోనే చదివింది.

నాకు తెలుసు. సాయంత్రం నాన్న స్కూటరు మీద ఇంటికి వెళ్ళడానికి స్టాఫ్‌రూం కిటికీ పక్కన వరండాలో కూర్చునేదాన్ని. లోపల మాటలు వినపడేవి, మనుషులు కనపడేవాళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ దృశ్యం నా కళ్ళలో ఉండిపోయిందని ఆ క్షణం దాకా నాకే తెలియదు. చెప్పొచ్చా వద్దా అనుకున్నాను. అత్తయ్య నా వైపే చూస్తోంది.

“నువ్వు అడిగేవాడివి నాన్నా. అడిగేటప్పుడే ఒక చేత్తో పెన్నుకి మూత పెట్టేవాడివి, ఇంకో చేత్తో రిజిస్టరు మూసేవాడివి. నువ్వు అడగడం అయ్యేలోపల అందరూ కుర్చీల్లోంచి సగం లేచి ఉండేవాళ్ళు. ఒకసారి మా లెక్కల సారు చెయ్యి ఎత్తబోయి, నీ పెన్ను జేబులోకి వెళ్ళడం చూసి, ఆ చేత్తోనే తల గోక్కున్నారు.”

నాన్న తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. వేళ్ళకి మిరపకాయల ఎరుపు అంటుకుని ఉంది.

“ఒక్కసారా?”

“నేను చదివిన అయిదేళ్ళూ.”

“మరి అప్పుడే చెప్పలేదేమ్మా?”

“నువ్వు హెడ్మాస్టరువి గదా నాన్నా.”

అత్తయ్య చాటలో కాయలు గోతంలో పోసి, ఇంకో బుట్ట మా ముగ్గురి మధ్యకీ లాగింది.